కవచం ఎవరి దాకా వచ్చింది?

2019 మే 1న గడ్చిరోలి జిల్లా జాంభుల్‌ఖేడా దగ్గర మావోయిస్టులు పేల్చిన మందుపాతరకు 15 మంది పోలీసులు బలయ్యారు. వాళ్లను ఎక్కించుకుని వెళ్తున్న ప్రైవేటు బండి డ్రైవరు కూడా చనిపోయాడు. 2023 ఏప్రిల్ 26న దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దారిలో 10 మంది డిస్ట్రిక్ట్ రిజర్వ్ గార్డ్ (డీఆర్‌జీ) పోలీసులు, వాళ్లను తీసుకొస్తున్న వ్యాను డ్రైవరు. 2025 జనవరి 6న బీజాపూర్ జిల్లా కుట్రు దగ్గర 8 మంది జవాన్లు, వాళ్ల స్కార్పియో నడుపుతున్న డ్రైవరు. ఈ మూడు ఘటనల వార్తల్లోనూ మృతుల సంఖ్య పక్కన విడిగా ఒక డ్రైవరు కనిపిస్తాడు. అతనికి యూనిఫాం లేదు, తుపాకీ లేదు, మందుపాతర గురించి శిక్షణ లేదు. స్టీరింగ్ పట్టుకోవడమే అతని పని.

ఈ మూడు చోట్లా జవాన్లు ఎక్కినవి మామూలు బళ్లు. అలాగని మందుపాతరను తట్టుకునే వాహనాలు దేశంలో లేవని కాదు. వాటి తయారీ మన కళ్లెదుటే సాగింది. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, అదే మెదక్ ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ, సైన్యానికి బీఎంపీ యుద్ధ శకటాలతో పాటు మైన్ ప్రొటెక్టెడ్ వాహనాలనూ తయారు చేసింది. జబల్‌పూర్ వెహికల్ ఫ్యాక్టరీ కూడా ఈ పని చేసింది. 2021 అక్టోబరు నుంచి ఈ రెండూ ఆవడి కేంద్రంగా ఏర్పడిన ఆర్మర్డ్ వెహికల్స్ నిగమ్ కిందికి వచ్చాయి. పరిజ్ఞానం ఉంది, కార్మికులున్నారు, ఉక్కు ఉంది. అయినా ఆ కవచం ఎవరి దాకా వచ్చి ఆగిపోయింది, ఎందుకు ఆగిపోయింది అన్నది నా ప్రశ్న. ఈ వాహనం కథ మొదటి నుంచీ ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతోంది.

ముందు ఆ బండి ఎలా కాపాడుతుందో చూద్దాం. మామూలు జీపు అడుగు భాగం చదునుగా ఉంటుంది. కింద మందుపాతర పేలితే ఆ ఒత్తిడి మొత్తం ఆ చదును రేకు మీద పడి, దాన్ని చీల్చుకుని లోపలికి వస్తుంది. మైన్ ప్రొటెక్టెడ్ వాహనం పొట్ట ఆంగ్ల అక్షరం ‘వి’ ఆకారంలో ఉంటుంది. పెంకుటింటి కప్పు వాన నీటిని రెండు పక్కలకూ జార్చినట్టు, ఆ ఏటవాలు ఉక్కు పేలుడు ఒత్తిడిని రెండు వైపులకూ మళ్లిస్తుంది. బండి నేలకు బాగా ఎత్తులో ఉండడానికీ కారణం ఉంది. పేలుడు స్థానం నుంచి దూరం పెరిగేకొద్దీ ఒత్తిడి చాలా వేగంగా పడిపోతుంది. అందుకే అడుగు భాగం ఒక్క జానెడు పైకి జరిగినా లోపలివాళ్లకు బతికే అవకాశం పెరుగుతుంది. చక్రాలు, ఇరుసులు ఊడి ఎగిరిపోయేలా అమరుస్తారు. పోతే అవి పోవాలి, లోపలి గది మాత్రం పగలకూడదు.

గది పగలకపోయినంత మాత్రాన మనిషి బతుకుతాడని లేదు. పేలుడు తర్వాత రెప్పపాటు కన్నా చాలా తక్కువ కాలంలోనే బండి నేల పైకి తన్నుతుంది. ఆ నేల మీద పాదాలు ఆనించి కూర్చున్నవాడి కాలి ఎముకలు నుజ్జవుతాయి. సీటు నేలకు బిగించి ఉంటే ఆ దెబ్బ నేరుగా నడుం దగ్గర వెన్నుపూసల మీద పడుతుంది. అందుకే మంచి బళ్లలో సీట్లను నేలకు బిగించరు, పక్క గోడలకో పైకప్పుకో వేలాడదీస్తారు. పాదాలకు విడిగా ఆసరా ఉంటుంది, రెండు భుజాల మీదుగా నడుము దాకా బెల్టు ఉంటుంది. బెల్టు పెట్టుకోకపోతే బండి గాల్లోకి లేచినప్పుడు మనిషి తల వెళ్లి పైకప్పుకు కొట్టుకుంటుంది. లోపల కట్టకుండా వదిలేసిన మందుగుండు పెట్టె తోటి జవాను ప్రాణం తీస్తుంది. కవచం పగలకుండానే లోపలివాళ్లు చనిపోయారంటే కారణాలు ఇవే. ఉక్కు ఎంత మందమో లెక్క అడిగేవాళ్లు, సీటు దేనికి బిగించారో కూడా అడగాలి.

ఈ ఆలోచన ఆఫ్రికా దక్షిణ కొసన పుట్టింది. 1970లలో రొడీషియాలో, అంటే నేటి జింబాబ్వేలో, తెల్లవారి ప్రభుత్వానికి ఎదురు తిరిగిన గెరిల్లాలు పల్లె దారుల్లో మందుపాతరలు పాతారు. తెల్ల రైతులనూ పోలీసులనూ కాపాడుకోవడానికి అక్కడి మెకానిక్కులు ట్రక్కుల చట్రాలను కోసి, ‘వి’ ఆకారపు ఉక్కు తొట్లు బిగించడం మొదలుపెట్టారు. ఆ అనుభవం దక్షిణాఫ్రికాకు చేరింది. నమీబియా సరిహద్దు యుద్ధంలో బఫెల్, ఆ తర్వాత క్యాస్పిర్ వచ్చాయి. క్యాస్పిర్ అన్న పేరు అక్కడి శాస్త్ర పారిశ్రామిక పరిశోధన మండలి, దక్షిణాఫ్రికా పోలీసు శాఖల పొడి అక్షరాలను అటూ ఇటూ కలిపి కూర్చినది. ఇద్దరు సిబ్బంది, 12 మంది జవాన్లు ఎక్కే బండి. ఒక్కోదానిలో దాదాపు ఏడు కిలోల పేలుడు పదార్థం ఉండే సోవియట్ టీఎం-57 మైన్లు చక్రం కింద మూడు గానీ, పొట్ట కింద రెండు గానీ పేలినా లోపలివాళ్లు బతకాలన్న లెక్కతో దాన్ని రూపొందించారు. ఆ లెక్క గుర్తుంచుకుందాం, మన అడవుల్లో దాని అవసరం వస్తుంది.

క్యాస్పిర్ ఆ పరీక్ష నెగ్గింది, ఎందరో పోలీసుల ప్రాణాలు నిలబెట్టింది. అయితే 1980లలో అదే బండి సరిహద్దు దాటి లోపలికి తిరిగి, నల్లజాతివారి బస్తీల్లోకి వచ్చింది. సొవెటో లాంటి చోట్ల మందుపాతరలు లేవు. రాళ్లు పట్టుకున్న పిల్లలున్నారు. ఎత్తయిన ఉక్కు గోడల వెనక నుంచి టియర్ గ్యాసు, తూటాలు వచ్చాయి. ఇప్పటికీ ఆ తరం దక్షిణాఫ్రికన్లకు ఆ బండి ఆకారం చూస్తే గుర్తుకొచ్చేది వర్ణవివక్ష పాలనే. కళాకారుడు రాల్ఫ్ జిమన్ ఒక పాత క్యాస్పిర్ బండిని ఆఫ్రికన్ చేతిపనివాళ్లతో రంగురంగుల గాజు పూసలతో ముసుగేయించి ప్రదర్శనలకు పెట్టారు. భయపెట్టిన ఆకారాన్ని జనం దగ్గరికి వచ్చి, చేత్తో తాకి చూడాలనిపించేలా మార్చడానికి అంత శ్రమ పడాల్సి వచ్చింది. ప్రాణం కాపాడే సాధనం ఏ చేతిలో ఉందన్నది, ఆ సాధనం ఎంత గొప్పదన్న దానితో సమానమైన ప్రశ్న.

ఇరాక్‌లో అమెరికా సైనికుల కథ ఇంకో రకం. అక్కడ సైనికులు తిరిగిన హమ్వీ అడుగు చదును. రోడ్డు పక్క బాంబులకు వాళ్లు వరసగా చనిపోతుండగా, 2005 ఫిబ్రవరిలో మెరైన్లు మందుపాతరను తట్టుకునే వాహనాలు 1,169 అత్యవసరంగా కావాలని రాశారు. ప్రపంచంలోనే అతి పెద్ద రక్షణ బడ్జెట్ ఉన్న దేశంలో ఆ కాగితం కదలలేదు. అవి వేరే కొత్త వాహనాల ప్రణాళికకు అడ్డొస్తాయనీ, ఈ యుద్ధం ఎంతోకాలం సాగదనీ పైవాళ్లు అనుకున్నారు. 2007లో రక్షణ మంత్రి రాబర్ట్ గేట్స్ దీన్ని అన్నిటికన్నా ముందు పని చేసేదాకా ఆగాల్సి వచ్చింది. తర్వాత కొద్ది ఏళ్లలోనే 27 వేలకు పైగా బళ్లు తయారయ్యాయి, వేల కోట్ల డాలర్లు ఖర్చయ్యాయి. డబ్బూ కర్మాగారాలూ అంతకుముందూ ఉన్నాయి. ఆ రెండేళ్లలో పోయిన ప్రాణాలకు జవాబు చెప్పినవాళ్లు నాకైతే కనిపించలేదు. యుద్ధం సద్దుమణిగాక ఆ బళ్లు కొన్ని తుక్కుగా మారాయి, కొన్ని అమెరికా పట్టణాల పోలీసు శాఖలకు చేరాయి. 2014లో ఫెర్గూసన్ వీధుల్లో నిరసనకారులకు ఎదురుగా సాయుధ శకటాలు నిలబడ్డప్పుడు, సైన్యం సరుకు పోలీసుల చేతికి రావడం మీద ఆ దేశంలో పెద్ద చర్చ లేచింది. సొవెటోలో జరిగినదాన్ని గుర్తుంచుకున్నవాళ్లకు అది కొత్త కాదు.

ఇక మన నేల. మందుపాతర తెలుగువాళ్లకు దూరపు వార్త ఎప్పుడూ కాలేదు. 2000 మార్చి 7న ఘట్‌కేసర్ దగ్గర మంత్రి మాధవరెడ్డిని పీపుల్స్‌వార్ మందుపాతరతో చంపింది. 2003 అక్టోబరు 1న అలిపిరిలో క్లెమోర్ మైన్లు పేలినప్పుడు ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు బుల్లెట్‌ప్రూఫ్ కారులో ఉండబట్టి గాయాలతో బయటపడ్డారు. ఉత్తర తెలంగాణలో, నల్లమలలో, ఆంధ్రా ఒడిశా సరిహద్దులో రోడ్డు కల్వర్టు అనగానే పోలీసుకు గుండె జారిన ఏళ్లు అవి. సైన్యం 1990ల చివర్లో కశ్మీర్ కోసం దక్షిణాఫ్రికా నుంచి క్యాస్పిర్ బళ్లు తెప్పించింది. ఆ నమూనా ఆధారంగా మన ఫ్యాక్టరీలు సొంతంగా తయారీ మొదలుపెట్టాయి. సీఆర్పీఎఫ్‌కు, మావోయిస్టు ప్రాబల్యమున్న రాష్ట్రాల పోలీసులకు ఆ బళ్లు చేరాయి. ఇక రోడ్డు మీద ధైర్యంగా వెళ్లొచ్చని అనుకున్నారు.

2005 సెప్టెంబరు 3న బీజాపూర్ దగ్గర పదేడా గ్రామం వద్ద అలాంటి బండినే మావోయిస్టులు పేల్చేశారు, 24 మంది చనిపోయారు. 2008 జులై 16న మల్కన్‌గిరి జిల్లా ఎంవీ-126 గ్రామం దగ్గర మరో బండి గాల్లోకి ఎగిరింది, 17 మంది ఒడిశా పోలీసులు పోయారు. 2010 ఏప్రిల్ 6న తాడ్‌మెట్లలో 76 మంది భద్రతా సిబ్బందిని చుట్టుముట్టి చంపిన రోజు, వాళ్ల సాయానికి బయల్దేరిన కవచ వాహనాన్నీ పేల్చారు. దాని డ్రైవరు చనిపోయాడు. 2018 మార్చి 13న సుక్మా జిల్లా కిస్టారం దగ్గర మైన్ ప్రొటెక్టెడ్ వాహనంలో వెళ్తున్న 9 మంది సీఆర్పీఎఫ్ జవాన్లు మరణించారు. ఈ బళ్లు చక్రాల మీద నడిచే శవపేటికలుగా మారిపోయాయని 2012లోనే సీఆర్పీఎఫ్ అధిపతి కె.విజయకుమార్ బహిరంగంగా అన్నారు.

బండి నాసిరకమా? ఇక్కడ ఇందాకటి లెక్క దగ్గరికి రావాలి. క్యాస్పిర్ తరహా బండి పొట్ట కింద 14 కిలోల పేలుడును తట్టుకోవాలన్నది మూల నమూనా లక్ష్యం. నాటో దేశాల ప్రమాణంలో నాలుగో స్థాయి బండి కూడా 10 కిలోలకే పరీక్షకు నిలబడుతుంది. సైన్యాలు కర్మాగారంలో చేసిన మందుపాతరలు ఆ కొలతల్లోనే ఉంటాయి కాబట్టి ఆ లెక్క వేశారు. అడవిలో గెరిల్లాకు ఆ కొలతతో పనేముంది? గనుల్లో, క్వారీల్లో వాడే జిలెటిన్ స్టిక్కులు, అమ్మోనియం నైట్రేట్ పాల క్యాన్లలో, డ్రమ్ముల్లో కూరి, తారు రోడ్డు పక్క నుంచి సొరంగం తవ్వి లోపల పెట్టాడు. 2006 ఫిబ్రవరిలో బైలాడిలా ఎన్ఎండీసీ మందుగుండు గోదాము మీద పడి, 8 మంది సీఐఎస్ఎఫ్ జవాన్లను చంపి, టన్నులకొద్దీ పేలుడు పదార్థం ఎత్తుకుపోయారు. అంత సరుకు చేతిలో ఉన్నవాడికి 14 కిలోలు అడ్డంకి కాదు, 40 పెడతాడు, చాలకపోతే 60 పెడతాడు. కుట్రు దగ్గర వాడినది 60, 70 కిలోలని అధికారులే చెప్పారు. మనం ఒక టన్ను ఉక్కు కలపడానికి టెండరు, పరీక్ష, కొనుగోలు దాటి ఏళ్లు పడితే, అవతలివాడికి ఒక బస్తా కలపడానికి ఒక రాత్రి చాలు.

పైగా ఉక్కు పెరిగేకొద్దీ బండి రోడ్డుకు కట్టుబడిపోతుంది. 11, 12 టన్నుల బండి వాగులో దిగలేదు, పొలం గట్టు ఎక్కలేదు. దానికి తారు రోడ్డే కావాలి, కల్వర్టు దాటే వెళ్లాలి. ఎక్కడ పేల్చాలో గెరిల్లాకు మనమే చెప్పినట్టయింది. పెద్ద బండిలో 14 మంది ఒకేచోట కూర్చుంటారు కాబట్టి ఒక్క పేలుడుకు పోయే ప్రాణాలూ ఎక్కువే.

ఈ చిక్కును తొందరగా గ్రహించినవాళ్లు మన గ్రేహౌండ్స్. 1989లో కె.ఎస్.వ్యాస్ పెట్టిన ఆ దళం నేర్చుకున్న మొదటి పాఠం బండి దిగడం. చిన్న జట్లు, చీకట్లో ప్రయాణం, వెళ్లిన దారిన తిరిగి రాకపోవడం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మావోయిస్టులు వెనక్కి తగ్గడానికి ఈ నడక చేసిన మేలు, ఏ ఉక్కు బండీ చేయలేదని నా అభిప్రాయం. ఆ దళానికి అతి పెద్ద దెబ్బ ఎప్పుడు తగిలిందో చూడండి. 2008 జూన్ 29న బలిమెల జలాశయంలో లాంచీ ఎక్కి తిరిగి వస్తున్నప్పుడు, గుట్టల మీద నుంచి కాల్పులు జరిపితే 38 మంది చనిపోయారు. అక్కడ రోడ్డూ లేదు, మందుపాతరా లేదు. తెలిసిన దారిలో, గుంపుగా, ఒకే వాహనంలో ఉండడమే ప్రాణాంతకమైంది. అరన్‌పూర్‌లో, కుట్రులో చనిపోయినవాళ్లూ కూంబింగ్ ముగించుకుని తిరిగి వస్తున్నవాళ్లే. రోజుల తరబడి గుట్టలెక్కి దిగిన మనిషికి, రోడ్డు కనిపించగానే బండి ఎక్కాలనిపించడం సహజం. ఆ అలసటను ముందే లెక్కలోకి తీసుకుని, రోడ్డు తనిఖీ పూర్తయ్యేదాకా ఏ బండీ కదలకూడదని గట్టిగా చెప్పాల్సింది పై అధికారి. అది అప్పటికప్పుడు అలసిన జవాను తీసుకోవాల్సిన నిర్ణయం కాదు.

కవచం కొందరి దాకానే వచ్చి ఆగిపోయే ఈ అన్యాయం శాంతిపరిరక్షణ దళాల విషయంలో దేశాల మధ్య జరుగుతుంది. మాలీలో 2013 నుంచి 2023 దాకా సాగిన ఐక్యరాజ్యసమితి మిషన్‌లో 300 మందికి పైగా శాంతిసైనికులు ప్రాణాలు కోల్పోయారు. అందులో పెద్ద వాటా రోడ్డు పక్క బాంబులది. ఐరాసకు సొంత సైన్యం లేదు. ఏ దేశం సైనికులను పంపితే ఆ దేశమే బళ్లు తెచ్చుకోవాలి, ఐరాస వాటికి అద్దె లెక్కన డబ్బు చెల్లిస్తుంది. దాంతో ఐరోపా సైనికులు గట్టి బళ్లతో దిగారు, మాలీ ఉత్తరాన ప్రమాదకరమైన దారుల్లో కాపలా కాసిన పేద ఆఫ్రికా దేశాల సైనికులు చాలాసార్లు పికప్ ట్రక్కుల మీద తిరిగారు. నీలి హెల్మెట్, జెండా వాటంతటవే కాపాడవని 2017 డిసెంబరులో బ్రెజిల్ జనరల్ సాంటోస్ క్రూజ్ ఐరాసకు ఇచ్చిన నివేదిక స్పష్టంగా చెప్పింది. కాపాడేది ఏదో అది సైనికుడి దేశం సంపదను బట్టి దొరుకుతుంటే, ఒకే జెండా కింద నిలబడ్డామన్న మాటకు విలువ లేదు. శాంతి దళాలకు పెద్ద సంఖ్యలో సైనికులను పంపే దేశంగా భారత్ ఈ మాట న్యూయార్క్‌లో గట్టిగా అడగాలి.

మన దగ్గర కవచం అందనివాళ్ల వరుసలో చివరి మనిషి ఇంకా మిగిలాడు. బలగాలు నడక నేర్చుకున్నాక మావోయిస్టులు దానికీ విరుగుడు కనిపెట్టారు. అదే కాలు పడగానే పేలే ప్రెషర్ బాంబు. పెద్ద మందుపాతరకు ఎవరో దూరంగా కూర్చుని వైరు కలపాలి, వచ్చేది ఎవరో చూసి పేల్చాలి. ప్రెషర్ బాంబుకు ఆ చూపు లేదు. 2024 జూన్‌లో ములుగు జిల్లా వాజేడు మండలం కొంగాల అడవికి వంటచెరకు కోసం వెళ్లిన గ్రామస్థుడొకరు దాని మీద అడుగేసి చనిపోయాడు. 2025 ఏప్రిల్‌లో కర్రెగుట్టల చుట్టూ బాంబులు పెట్టామనీ, ఆదివాసీలు అటు రావద్దనీ మావోయిస్టులే లేఖ విడుదల చేశారు. తునికాకు, ఇప్పపువ్వు, కట్టెల కోసం తరాలుగా ఎక్కి దిగిన గుట్టను ఆ ప్రజల పేరు చెప్పుకునేవాళ్లే బాంబులతో మూసేశారు. దీన్ని ఏ సిద్ధాంతమూ సమర్థించలేదు. అదే ఏడాది మే 8న వాజేడు అటవీ ప్రాంతంలో మందుపాతర పేలి ముగ్గురు తెలంగాణ గ్రేహౌండ్స్ జవాన్లు చనిపోయారు. కర్రెగుట్టల్లో జరిపిన ఆపరేషన్‌లో 450 నాటు బాంబులు (ఐఈడీలు) దొరికాయని బలగాలు ప్రకటించాయి. దొరకనివి ఇంకా మట్టిలోనే ఉంటాయి, వాటికి యుద్ధం ముగిసిందో లేదో తెలియదు.

మావోయిస్టు నేతలు నంబాల కేశవరావు 2025 మేలో, హిడ్మా నవంబరులో ఎన్‌కౌంటర్లలో చనిపోయారు. మరో నేత మల్లోజుల వేణుగోపాల్ అక్టోబరులో పదుల సంఖ్యలో అనుచరులతో గడ్చిరోలిలో ఆయుధాలు అప్పగించారు. సాయుధ పోరు చివరికొచ్చిందని ప్రభుత్వం చెబుతోంది. అలాగైతే ఇక కొనాల్సినవి మరింత బరువైన బళ్లు కావు. జవాన్లను తరలించే ప్రతి ప్రైవేటు డ్రైవరుకూ పోలీసుతో సమానమైన పరిహారం, బీమా రాతపూర్వకంగా ఉండాలి. ఉన్న మైన్ ప్రొటెక్టెడ్ బళ్లు ఎన్ని కిలోల దాకా ఆగుతాయో ఎక్కే ప్రతి జవానుకూ చెప్పాలి, సీట్లు, బెల్టులు సరిచేయాలి.

అన్నిటికన్నా ముందు మందుపాతరల ఏరివేత పని పోలీసు ఆపరేషన్ నుంచి విడదీసి, పౌర కార్యక్రమంగా మొదలుపెట్టాలి. మందుపాతరల నిషేధానికి 1997లో కుదిరిన ఒట్టావా ఒప్పందంలో భారత్ చేరలేదు. చేరకపోయినా, సొంత పౌరుల అడవిని శుభ్రం చేయడానికి ఏ ఒప్పందమూ అక్కర్లేదు. కాంబోడియా దశాబ్దాలుగా ఊరూరా ఈ పని చేస్తోంది. ఎక్కడ ఏం పాతారో తెలిసినవాళ్లు ఇప్పుడు లొంగిపోయి తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, మహారాష్ట్రల పునరావాస శిబిరాల్లో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకం చెరిగిపోకముందే ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి గుట్ట గుట్టకూ, బాట బాటకూ పటం గీయించాలి. ఆ పటాలు జిల్లా పోలీసు కార్యాలయం బీరువాలో కాకుండా వెంకటాపురం, వాజేడు, చర్ల, ఊసూరు గ్రామ పంచాయతీల గోడల మీద కోయ, తెలుగు భాషల్లో ఉండాలి. వచ్చే తునికాకు సీజను మొదలయ్యేలోగా మొదటి విడత బాటలు తనిఖీ పూర్తి చేసి, ఏవి సురక్షితమో ఊరివాళ్లకు దండోరా వేయించాలి.